కాలేజీ గది తలుపుకు లోపల గడియ ఉండాలా, వద్దా?

బ్రాడీపేట_అమ్మ:
మా అమ్మాయి గుంటూరులోనే బీటెక్ రెండో ఏడు చదువుతోంది. పోయిన వారం పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి రెండో అంతస్తులో వాళ్ల క్లాసు చూశాను. తలుపుకు లోపల గడియ లేదు. అది ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ చిల్లులు, చుట్టూ పెయింట్ పెచ్చులు లేచి ఉంది. అడిగితే "పిల్లలు గడియ పెట్టుకుని కూర్చుంటున్నారు, అందుకే పీకించేశాం" అన్నారు. రెండో మెట్ల దారిలో గ్రిల్ గేటు, దానికి తాళం. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని క్లాసులోనే చంపేశాడొకడు. 2021 ఆగస్టు 15న మన ఊళ్లో పట్టపగలు నడిరోడ్డు మీద బీటెక్ అమ్మాయిని పొడిచాడు. రేపు ఎవడైనా కత్తి పట్టుకుని ఆ అంతస్తు ఎక్కితే పిల్లలు ఎటు పోవాలి? గడియ పెట్టించమని అందరం కలిసి అడుగుదామా?

రిటైర్డ్_లెక్చరర్:
అడగొద్దమ్మా. ముప్ఫై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పినవాడిగా అంటున్నాను. ఒకసారి ముగ్గురు సీనియర్లు ఫస్టియర్ కుర్రాణ్ణి గదిలో పెట్టి గడియ వేశారు. నేను బయట నుంచి రెండు చేతులతో తలుపు బాదుతున్నాను, లోపల వాడి ఏడుపు వినిపిస్తోంది. తలుపు తీసేసరికి వాడి చెవిలోంచి రక్తం. ర్యాగింగ్ నిషేధ చట్టం మనకు 1997లోనే వచ్చింది. చట్టం ఆ తలుపు తీయలేదు. గడియ ఎవడు లోపలుంటే వాడికి ఆయుధం. 

కృష్ణలంక_కిరణ్:
ముందు పరిగెత్తాలి. గడియ సంగతి తర్వాత.

ఎమ్మెస్_తమ్ముడు:
కిరణ్ అన్న చెప్పిందే నిజం. నేను అమెరికాలో చదువుకునేటప్పుడు ఓరియెంటేషన్‌లోనే నేర్పారు: దారి ఉంటే పరుగెత్తు, లేకపోతే దాక్కో, అదీ కుదరకపోతే తిరగబడు. బ్యాగులు, ల్యాప్‌టాప్‌లు వదిలేయాలి. దాక్కుంటే లైట్లు ఆపి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టి, తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడకు చేరాలి. పోలీసులు వచ్చాక ఖాళీ చేతులు పైకెత్తి చూపించాలి. 2007 ఏప్రిల్ 16న అక్కడి వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఒకడు 32 మందిని కాల్చి చంపాడు. క్లాసులున్న బిల్డింగ్ తలుపులకు ముందే తనే గొలుసులు వేశాడు. అందుకే మీరు చెప్పిన గ్రిల్ తాళం నాకు గడియ కంటే ఎక్కువ భయం వేస్తోంది. అక్కడ క్లాసులకు లోపలి నుంచి తాళం లేదు. 205వ గదిలో పిల్లలు పెద్ద టేబుల్ తలుపుకు అడ్డంపెట్టి పట్టుకున్నారు. వాడు తలుపు మీద కాల్చినా లోపలికి రాలేకపోయాడు.

రిటైర్డ్_లెక్చరర్:
చూశారా, గడియ లేకుండానే బతికారు.

బ్రాడీపేట_అమ్మ:
మాస్టారూ, అక్కడే ఇంకో గది సంగతి కూడా చదవండి. 204లో లిబ్రెస్కు అనే 76 ఏళ్ల ప్రొఫెసర్ పిల్లలు కిటికీల్లోంచి దూకేదాకా ఒంటితో తలుపు ఆపి ప్రాణం వదిలాడు. ఆ తలుపుకు గడియ ఉంటే ఆయన కూడా కిటికీ దాకా వెళ్లేవాడేమో.

పటమట_96:
గేటు దగ్గర ఐడీ కార్డు గట్టిగా చెక్ చేస్తే ఈ టెన్షన్ ఏమీ ఉండదు.

ఎమ్మెస్_తమ్ముడు:
వర్జీనియా టెక్‌లో కాల్చినవాడు అక్కడి స్టూడెంటే. వాడి దగ్గరా కార్డు ఉంది. పైగా ఉదయం 7:15 ప్రాంతంలో హాస్టల్లో ఇద్దరిని చంపితే, క్యాంపస్‌కి మొదటి మెయిల్ వెళ్లింది 9:26కి. ఆ తర్వాతే క్లాసుల మీద పడ్డాడు. ముందు కబురు అందడం ముఖ్యం.

క్యాజువాలిటీ_నర్స్:
ఒక్క మాట. కత్తి ఒంట్లో దిగి ఉంటే పీకొద్దు, కదలకుండా చుట్టూ గుడ్డ ఆనించండి. ఉత్త గాయమైతే చున్నీ మడిచి బలమంతా పెట్టి నొక్కండి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడొద్దు. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

గుంటూరు_లాయర్:
తిరిగి కొడితే కేసవుతుందని పిల్లలు భయపడక్కర్లేదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ సెక్షన్లే.

రిటైర్డ్_లెక్చరర్:
ఇన్ని చెబుతున్నారు గానీ, అసలు అక్కడిదాకా ఎందుకొస్తోంది? మన దగ్గర ఇలాంటివి చాలావరకు పరిచయాల నుంచే మొదలవుతున్నాయి. పిల్లలు ఆ పరిచయాల దగ్గరే జాగ్రత్తపడితే తలుపుల గురించి ఈ చర్చే అక్కర్లేదు.

బ్రాడీపేట_అమ్మ:
ఆ మాట వెనక్కి తీసుకోండి మాస్టారూ. మా అమ్మాయిని ఒక సీనియర్ మూడు నెలలు వెంటపడ్డాడు. బస్టాపులో, క్యాంటీన్లో, చివరికి ల్యాబ్ బయట. అది ధైర్యం చేసి డిపార్ట్‌మెంట్‌లో చెప్తే అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు వాడితో ముందేం మాట్లాడావు?" అని. ఆ రోజు ఇంటికొచ్చి స్నానాల గదిలో నీళ్లు వదిలేసి ఏడ్చింది. నాకు చెప్పింది మాత్రం ఇరవై రోజులకి. పిల్లల్ని నమ్మక గడియ పీకారు, పిల్ల మాట నమ్మక ఫిర్యాదు పక్కన పడేశారు. నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే, చెప్పుకోవడం చేతకాక గడియ అన్నాను.

కృష్ణలంక_కిరణ్:
అక్కా, ఇప్పుడెలా ఉంది పాప?

బ్రాడీపేట_అమ్మ:
కాలేజీకి వెళ్తోంది. నేనే దింపి వస్తున్నాను. ఫోన్లో పోలీసుల శక్తి యాప్ వేసి, 112 కూడా చేయించి చూపించాను.

రిటైర్డ్_లెక్చరర్:
వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నా సర్వీసులో ఒక అమ్మాయి ఇలాగే కాగితం రాసి నా చేతికిచ్చింది. ఆ కుర్రాణ్ణి పిలిచి మందలించి, కాగితం టేబుల్ సొరుగులో వేశాను. పరీక్షల ముందు ఆ పిల్ల చదువు మానేసింది. ఎందుకని నేను అడగలేదు. గడియ మీద నా అభిప్రాయం మారలేదు, చెవిలోంచి రక్తం కారిన ఆ పిల్లాణ్ణి మర్చిపోలేను. ఫిర్యాదు గురించి మీరు ప్రిన్సిపాల్‌ని కలిస్తే మాత్రం నేనూ వస్తాను.

బ్రాడీపేట_అమ్మ:
సోమవారం పదిన్నరకి వెళ్తున్నాను. గ్రిల్ తాళం గురించి కూడా అడుగుతాను.

ఎమ్మెస్_తమ్ముడు:
అక్కా, ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? లోపలికైతే బెంచీలు, టేబుల్ అడ్డం పెట్టొచ్చు. బయటికైతే బెంచీలు పనికిరావు, బెల్టో చున్నీయో హ్యాండిల్‌కి కట్టి లాగి పట్టుకోవాలి.

బ్రాడీపేట_అమ్మ:
చూడలేదు తమ్ముడూ. చిల్లులే చూశాను. సోమవారం చూసి చెప్తాను.