హెచ్‌4 మీద న్యూజెర్సీ వెళ్తున్నాను, అక్కడి ఉచిత జాబ్ సెంటర్ నాకు పనికొస్తుందా?

కేపీహెచ్‌బీ కాలనీ:
అందరికీ నమస్తే. వచ్చే నెల ఎడిసన్‌లో మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను, హెచ్‌4 మీద (హెచ్‌1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా). ఆయనకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయింది, నా ఈఏడీకి, అంటే వర్క్ పర్మిట్‌కి, అక్కడికి వెళ్లాక అప్లై చేయాలి. జేఎన్‌టీయూలో బీటెక్ చేశాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి, బాబు పుట్టాక మానేశాను. అక్కడ ప్రభుత్వమే నడిపే జాబ్ సెంటర్లు ఉంటాయని, ట్రైనింగ్ కూడా ఉచితమని విన్నాను. ఈఏడీ రాకముందే వాటికి వెళ్లొచ్చా? మా మామయ్యేమో విమానం ఎక్కేలోపు అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసేయమంటున్నారు. ఆ ఫీజు కట్టాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

తార్నాక (ఇప్పుడు డల్లాస్):
చెల్లెమ్మా, సెంటర్ సంగతి మిగతావాళ్లు చెప్తారు, నువ్వు ముందు ఇది విను. నీ రెజ్యూమే జాబ్ సైట్లలో పెట్టిన మర్నాటి నుంచే మన తెలుగువాళ్లే ఫోన్లు మొదలుపెడతారు. ఫ్రీ ట్రైనింగ్, గ్యారంటీ ప్లేస్‌మెంట్ అంటారు. నేను ఎంఎస్ అయ్యి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నప్పుడు అలాంటి ఒక కన్సల్టెన్సీలో చేరాను. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు కదా, ఆ టెన్షన్ మనకెంత ఉంటుందో వాళ్లకు బాగా తెలుసు. ట్రైనింగ్ ఉచితమే అన్నారు, తర్వాత గెస్ట్‌హౌస్‌కి ఇంత, మార్కెటింగ్‌కి ఇంత అన్నారు. ట్రైనర్ ఉండేది ఎస్సార్‌నగర్‌లో, క్లాసు ఆన్‌లైన్‌లో. అది అయ్యాక నా చేతికి ఒక రెజ్యూమే ఇచ్చారు. పైన నా పేరు, కింద ఏడేళ్ల అనుభవం, నేనెప్పుడూ కాలు పెట్టని ఊళ్లో ఒక బ్యాంకు ప్రాజెక్టు. దాంతోపాటు ఇంకో కాగితం: అక్కడి మేనేజర్ పేరు, ఆఫీసు ఎన్నో అంతస్తు, కారు ఎక్కడ పార్క్ చేస్తారు, మధ్యాహ్నం ఎక్కడ తింటారు. ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పాలట. నా వల్ల కాదన్నాను. అంతే, మధ్యలో వదిలేసినందుకు డబ్బు కట్టాలని లాయర్ పేరుతో మెయిళ్లు, తార్నాకలో మా నాన్నకు ఫోన్లు. నాన్నకు బీపీ. అమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేసేది. చివరికి మా యూనివర్సిటీలో విద్యార్థులకు న్యాయ సలహా ఇచ్చేవాళ్లు ఒక ఉత్తరం రాశాక గానీ అవి ఆగలేదు. ఇమ్మిగ్రేషన్ కాగితాల్లో దొంగ అనుభవం చూపించి దొరికితే ఇక ఈ దేశంలో అడుగుపెట్టకుండా శాశ్వతంగా ఆపేసే సెక్షన్ ఉంది. ఎవరైనా "నీ ఎక్స్‌పీరియెన్స్ మేం చూసుకుంటాం" అన్నారంటే ఫోన్ పెట్టెయ్.

దిల్‌సుఖ్‌నగర్ (ఇప్పుడు చికాగో):
తార్నాకమ్మ చెప్పింది నిజం. కానీ అమ్మా, అసలు ప్రశ్నకి జవాబు: ఆ సెంటర్లు హెచ్‌4 వాళ్లకు కావు. అవి ఇక్కడ ఉద్యోగం పోయి నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లకి, పన్నులు కట్టినవాళ్లకి. నేను 1999 నుంచి ఇక్కడే ఉన్నాను.

మల్కాజిగిరి (ఇప్పుడు పిస్కటవే):
అన్నా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఇది సరికాదు. మీరు వచ్చిన రోజుల్లో హెచ్‌4 వాళ్లకు పనిచేసే హక్కే లేదు. ఐ-140 అప్రూవ్ అయినవాళ్ల భార్యకో భర్తకో ఈఏడీ ఇవ్వడం 2015 మే నుంచి మొదలైంది. సెంటర్లు నడిచేది 2014లో వచ్చిన వర్క్‌ఫోర్స్ చట్టం కింద, దేశమంతా దాదాపు 2,300 ఉన్నాయి. మన న్యూజెర్సీలో వాటిని వన్‌స్టాప్ కెరీర్ సెంటర్ అంటారు. భృతి తీసుకునేవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు కాబట్టి అది వాళ్లదే అనుకుంటాం. పన్ను కట్టారా లేదా అని ఎవరూ చూడరు.

కేపీహెచ్‌బీ చెల్లెమ్మా, అక్కడ ఉచితం అనేది రెండు రకాలు. మొదటిది ఇంటి ఆదాయం ఎంతున్నా దొరికేది: కంప్యూటర్లు, ఉద్యోగాల సమాచారం, ఏ పనికి ఎక్కడ గిరాకీ ఉంది, జీతాలెలా ఉన్నాయి అన్న వివరాలు, రెజ్యూమే వర్క్‌షాపులు, మాక్ ఇంటర్వ్యూలు, జాబ్ మేళాలు. రెండోది, ప్రభుత్వం ఫీజు కట్టి బయటి సంస్థలో కోర్సు చేయించడం. అది అందరికీ రాదు. వర్క్ పర్మిట్ చూస్తారు, నీకు ఆ కోర్సు ఎందుకు అవసరమో చూస్తారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, ప్రభుత్వ సాయం మీద ఉన్నవాళ్లకు, ఇంగ్లిష్ లేదా లెక్కలు బాగా వెనకబడినవాళ్లకు ముందు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కుటుంబ ఆదాయం లెక్కలోకి వస్తుంది, మీ ఆయన ఐటీ జీతంతో నీ వంతు రావడం కష్టం. వచ్చినా రాష్ట్రం ఒప్పుకున్న సంస్థల జాబితాలోంచే ఎంచుకోవాలి. కాబట్టి కోర్సు మీద ఆశ పెట్టుకుని వెళ్లకు. మొదటి రకం కోసం వెళ్లు, అది నిజంగా పనికొస్తుంది. బిడ్డ కోసం ఉద్యోగం మానేసిన గ్యాప్‌ని రెజ్యూమేలో దాచకుండా ఎలా రాయాలో మా ఆవిడకి చెప్పింది అక్కడి కౌన్సెలరే. పక్కన కూర్చుని, ఇండియా రెజ్యూమేలోంచి ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసేయించి, నాలుగు పేజీలను రెండు చేసింది.

దిల్‌సుఖ్‌నగర్:
తమ్ముడూ, చట్టంలో ఏమున్నా కౌంటర్ దగ్గర ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్, ఇక్కడ ఉద్యోగానికి, పన్నులకు కావాల్సింది) అడుగుతారు. అది లేనివాళ్లను వెనక్కి పంపడం నేను కళ్లారా చూశాను.

మల్కాజిగిరి:
ఫారంలో ఆ గడి ఉంటుందన్నా, అడుగుతారు కూడా. కానీ ఇవ్వలేదని సేవ నిరాకరించకూడదు. కొత్తగా చేరిన మనిషికి తెలియకపోతే సూపర్‌వైజర్‌ని పిలవమని మర్యాదగా అడగాలి. మనవాళ్లు ఒకసారి కాదనగానే తిరిగొచ్చేస్తారు, వచ్చి పదిమందికి అదే చెప్తారు. అక్కడే నష్టపోతున్నాం.

చిక్కడపల్లి (తిరిగొచ్చేసి ఇప్పుడు హైదరాబాద్‌లోనే):
అమ్మా, మీరింకా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడ చేయాల్సింది చెప్తాను. అమీర్‌పేట ఫీజు కట్టకండి. మైత్రీవనం మెట్ల మీద కరపత్రాలు పంచేవాళ్లు చెప్పే కోర్సులో సగం మీకు వచ్చిందే. మీది టెస్టింగ్ కదా, సెలీనియం వచ్చు అనుకుంటాను. ప్లేరైట్ కూడా నేర్చుకోండి, రెండూ ఓపెన్ సోర్స్ టెస్టింగ్ టూల్సే, డాక్యుమెంటేషన్ అంతా ఉచితంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా చదవొచ్చు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. ఇంట్లో బాబుతో కుదరకపోతే మా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి రండి. గ్రూప్స్‌కి చదివే పిల్లలతో పొద్దున్నే నిండిపోతుంది, కాస్త ముందే రావాలి.

ఆ డబ్బుతో, ఆ తిరిగే ఓపికతో జేఎన్‌టీయూ పని పూర్తి చేసుకోండి. ట్రాన్స్‌క్రిప్టులు సీల్డ్ కవర్లలో రెండు మూడు సెట్లు తీసుకోండి. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్), ఓడీ (డిగ్రీ పట్టా) ఒరిజినల్స్ చేతి సామానులోనే పెట్టుకోండి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మరిచిపోవద్దు. అక్కడికి వెళ్లాక ఇక్కడి నుంచి ఒక సంతకం తెప్పించుకోవాలంటే మీ నాన్నగారు కాలేజీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. డబ్ల్యూఈఎస్ ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో చెప్పే రిపోర్టు) కూడా ఇప్పుడే మొదలుపెట్టేయండి.

తార్నాక:
ఎవాల్యుయేషన్ ఎందుకు అన్నా? ప్రైవేటు ఐటీ కంపెనీ ఎవరూ అడగరు. పై చదువుకో, లైసెన్స్ కావాల్సిన వృత్తులకో, ప్రభుత్వ ఉద్యోగానికో అయితే సరే. ఊరికే డబ్బు ఖర్చు.

చిక్కడపల్లి:
మూడేళ్ల తర్వాత టీచర్ అవుదామనుకుంటే? అప్పుడు ఎవరు తెచ్చిపెడతారు?

తార్నాక:
అందుకే ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చుకోమనండి, బాగుంది. ఎవాల్యుయేషన్ ఫీజు మాత్రం అవసరం వచ్చినప్పుడే.

కేపీహెచ్‌బీ కాలనీ:
అందరికీ చాలా థ్యాంక్స్. అమీర్‌పేట సంగతి మామయ్యతో మాట్లాడతాను. ఈఏడీ వచ్చేదాకా మాత్రం ఇంట్లో కూర్చోవడమేనా? తెలిసినవాళ్ల స్టార్టప్‌లో జీతం లేకుండా పనిచేయమని ఒకరు అంటున్నారు, అనుభవం వస్తుందట.

మల్కాజిగిరి:
అది వద్దు. జీతం ఇవ్వాల్సిన పని జీతం లేకుండా చేసినా ఉద్యోగం కిందికే వస్తుందని పట్టుకోవచ్చు. గుళ్లోనో ఫుడ్ బ్యాంకులోనో అందరూ ఉచితంగా చేసే సేవ అయితే పర్వాలేదు. ఆ నెలల్లో లైబ్రరీని వాడుకో. అద్దె ఒప్పందంలో నీ పేరు కూడా వేయించు, చిరునామా రుజువుకి అది చూపిస్తే కార్డు ఇస్తారు. చాలా లైబ్రరీలు ఆ కార్డు మీదే లింక్డిన్ లెర్నింగ్ లాంటి ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా ఇస్తాయి. బాబుకి స్టోరీ టైమ్ ఉంటుంది, వాడు అక్కడ కూర్చుంటే నీకు నలుగురు పరిచయమవుతారు. ఈఏడీ కోసం ఐ-765 ఫారం నింపేటప్పుడు ఎస్ఎస్ఎన్ కావాలన్న గడి కూడా టిక్ చేయి, మళ్లీ సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి విడిగా తిరగక్కర్లేదు.

ఈఏడీ చేతికి వచ్చాక సెంటర్‌కి ఫోన్ చేసి, ఓరియెంటేషన్ ఎప్పుడో అడిగి పేరు రాయించుకో. "ఉద్యోగం కావాలి" అంటే కంప్యూటర్ చూపించి వదిలేస్తారు. "కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ కావాలి, రెజ్యూమే చూపించాలి" అని అడుగు. వెళ్లేటప్పుడు ఈఏడీ, పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్ పట్టుకెళ్లు. మాది పక్క ఊరే, దిగాక ఇక్కడే ఒక మెసేజ్ పెట్టు. మొదటిసారి మా ఆవిడ తోడొస్తుంది, బాబుని మా ఇంట్లో వదిలి వెళ్లొచ్చు.