అప్‌డేట్: బాల్ పైథాన్ కంటి మీద నిలిచిపోయిన కుబుసం ఊడింది

రెండు నెలల కింద అడిగినాను కదా, మా బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ) కుబుసం ముక్కలుగా విడిచి, ఎడమ కంటి మీద పొర, తోక కొనకు ఉంగరం మాదిరి చుట్ట అట్లే ఉండిపోయాయని. ఇప్పుడు బాగుంది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా కంటి పొర లాగొద్దని గట్టిగా చెప్పిన అన్నకు. ఆ రాత్రి ట్వీజర్ నా చేతిలోనే ఉన్నింది.

డాక్టర్ చూసి పేలు లేవు, జబ్బు లేదు, తేమే తక్కువ అన్నాడు. మా అనంతపురం ఎండలకు పెట్టెలో 30 శాతమే ఉన్నింది, కావాల్సింది 60 దాకా. మూత డబ్బాకు పాము దూరేంత రంధ్రం చేసి తడి నాచు వేసి పెట్టినాము. తోకను గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, తడి గుడ్డలోంచి పామునే పాకనిస్తే చుట్ట గుడ్డకు అంటుకుని వచ్చేసింది. చుట్ట బిగిసి రక్తం ఆడక తోక నల్లబడలేదు, అదే పెద్ద నిమ్మళం.

కంటిని ముట్టుకోలేదు. నిన్న కుబుసం మేజోడు తిరగేసినట్టు ఒకటే ముక్కగా వచ్చింది. లైటుకు పట్టి చూస్తే అందులో ఎడమ కంటి బిళ్ల (కంటిని కప్పే పారదర్శక పొర) రెండింతలు మందం, పాత పొర దానికే అతుక్కొని ఉంది.

నూనె, విటమిన్లు అవసరం పడలేదు. కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలంగా మారినప్పటి నుంచి విడిచేదాకా చేతికి తీసుకోలేదు.