రౌతు కొద్దీ గుర్రం, అది పక్కవాడిదైతే

సామెతల మీద ఇక్కడ చర్చ వచ్చినప్పుడల్లా పుట్టుక గురించో పాఠాంతరాల గురించో మాట్లాడుకుంటాం. ఒక సామెతను ఎవరు, ఎవరి మీద, ఏ సమయంలో విసురుతున్నారన్నది అంతగా పట్టించుకోం. గోదావరి డెల్టాలో గుర్రాలు పెంచేవాళ్ల మధ్య తిరిగేవాణ్ని కాబట్టి, వాళ్ల నోట విని విని నాకు ఒళ్లు మండే మాటలు కొన్ని ఈ చర్చలో పెడుతున్నాను. మీ చెవిన పడ్డవి కూడా చేర్చండి.

అన్నింటికంటే ముందుది "రౌతు కొద్దీ గుర్రం". పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను తిప్పేవాళ్లు, బీచిలో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్లు, చేపల, రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు రాగానే సరదాపడి మార్వాడీ జాతి గుర్రాన్నో కాఠియావాడీనో కొనుక్కున్న ఆసాములు, అందరికీ ఇది కంఠతా వచ్చు. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రవాడి కింద గుర్రం అడుగు వేయకపోతే చాలు, గట్టు మీద కూర్చున్న పెద్దమనిషి ఈ మాట అనేసి మీసం సవరించుకుంటాడు. తప్పు కుర్రవాడిది. తీర్పు అయిపోయింది.

అదే పెద్దమనిషి కింద అదే గుర్రం ఆగితే మాత్రం సుమతీ శతకం బయటికి వస్తుంది.

అక్కఱకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బారని గుఱ్ఱము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ

ఇప్పుడు తప్పు గుర్రానిది. పక్కవాడు ఎక్కితే సామెత, తాను ఎక్కితే పద్యం. ఇన్నేళ్లలో ఈ రెండింటినీ తారుమారు చేసి, తాను పడ్డప్పుడు "రౌతు కొద్దీ గుర్రమే లెండి" అన్న మహానుభావుణ్ని నేను చూడలేదు.

పద్యాన్ని వల్లించేవాళ్లు ఒక మాటను మింగేస్తారు. "మోహరమున" అంటే యుద్ధంలో, బారులు తీరిన సేనల మధ్య. "బారని" అన్నది "పారని"యే. ఎక్కినన్ చివరనున్న నకారం (ద్రుతం) తర్వాత పకారం బకారమైంది. పారడమంటే పరుగెత్తడం. కత్తులు మీద పడుతున్న చోట పరుగెత్తని గుర్రం ప్రాణం తీస్తుంది కాబట్టి వదిలేయమన్నాడు కవి. నరసాపురం రేవులో పంటు, అంటే గోదావరి దాటించే బల్లకట్టు, ఎక్కని గుర్రం గురించి కాదు.

రేవు మాట ఎందుకంటే, ఈ పద్యం నేను చివరిసారి విన్నది అక్కడే. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు తీసుకువెళ్లాల్సిన ఒక గుర్రం పంటు అంచు దాకా వచ్చి మొరాయించింది. యజమాని పగ్గం లాగిపట్టాడు, వెనక నుంచి ఒకడు చెర్నాకోల ఆడించాడు, స్కూటర్ల మీద కూర్చున్న జనం పద్యం అందుకున్నారు. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ నుదుటికి ఎదురుగా, ముక్కు కిందుగా కొంత మేర కనిపించదు. కాళ్ల ముందున్న నేల ఎలాంటిదో తెలియాలంటే అది తల దించి చూసుకోవాలి. పగ్గం బిగించి తల పైకి ఎత్తిపెడితే ఏం చూస్తుంది? పంటు సిబ్బందిలో ఒకాయన, గుర్రాల సంగతి ఏమీ తెలియనివాడే, "వదలండి బాబూ, వాసన చూసుకోనివ్వండి" అన్నాడు. వదిలారు. తల దించింది, బల్లల మీద బుసకొట్టింది, ముందు కాలితో ఒకసారి తట్టి చూసింది, ఎక్కింది. కవిత్వం వల్లించిన వాళ్లెవరూ ఆయనకు ఏ పద్యమూ చెప్పలేదు.

ఇక "పొగరు". ఇది సామెత కాదు గానీ చేసే హాని దానికంటే ఎక్కువ. చెవులు వెనక్కి పెడితే పొగరు, తోక విసిరితే పొగరు, జీను వేయబోతే కొరకడానికి వస్తే మరీ పొగరు. మందు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది, "దించాలి". పొట్ట కింద పట్టీ ఒరుసుకుని పుండు పడిందేమో చూడరు. గుర్రం దంతాలు అరుగుతున్న కొద్దీ చిగుళ్ల నుంచి పైకి వస్తూనే ఉంటాయి. దవడ పళ్ల అంచులు అరగని చోట కత్తిలా తయారై బుగ్గను కోస్తాయి, అప్పుడప్పుడూ ఆకురాయితో రాయించాలి. నోరు తెరిచి చూసేవాడు నూటికొకడు, పొగరు అనేవాడు ప్రతివాడూ. ఎద్దు రంకె వేస్తే జబ్బేమోనని పశువుల డాక్టరుకు ఫోను చేసే రైతే, గుర్రం దగ్గరికి వచ్చేసరికి చెర్నాకోల కోసం చూస్తాడు.

భీమవరం నుంచి ఒక సభ్యుడు

మీరు అసలైనది వదిలేశారండీ. రోడ్డు మీద గుర్రంతో ఆగితే చాలు, పక్కన బుల్లెట్టు మీద ఉన్నాయన "మీది ఒక్క హెచ్‌పీయేనా?" అంటాడు. తానే కనిపెట్టినట్టు నవ్వుతాడు కూడా. మా వైపు చెరువుకు చెరువుకు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు, మోటార్లు ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలకు సైతం హెచ్‌పీ లెక్కలు తెలుసు. అందుకని ఈ హాస్యం ఇంకా ఎక్కువ. "మా చెరువు మోటారు ఐదు గుర్రాలు, మీది ఒకటి" అన్న మాట వినకుండా నేను టౌను దాటిన రోజు లేదు.

మూల రచయిత

ఆ లెక్కే తప్పని చెప్పండి. అశ్వశక్తి (హెచ్‌పీ) అన్నది జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి అమ్ముకోవడానికి స్థిరపరిచిన కొలత. ఇప్పటి లెక్కలో సుమారు 746 వాట్లు. రోజంతా ఒకే తీరున చేసే పనికి అది వర్తిస్తుంది. కొద్ది క్షణాల పాటు బలమంతా పెడితే ఒక గుర్రం దాదాపు 15 అశ్వశక్తి దాకా చూపగలదని 1993లో 'నేచర్' పత్రికలో లెక్కగట్టారు. కాబట్టి ఆ ఐదు గుర్రాల మోటారును మీ గుర్రం మూడింతలతో కొడుతుంది, కాసేపే అనుకోండి.

రాజమహేంద్రవరం నుంచి ఒక ఉపాధ్యాయురాలు

సామెత మీద మీ కోపం కొంచెం ఎక్కువైందేమో అనిపించింది. "రౌతు కొద్దీ గుర్రం" గుర్రాల గురించి పుట్టినా గుర్రాల కోసం పుట్టలేదు. నాయకుణ్ని బట్టి అనుచరులు, గురువును బట్టి శిష్యులు అని చెప్పడానికి వాడతాం. మీ వాళ్లు దాన్ని మళ్లీ గుర్రం మీదికే ఎక్కించారు, తప్పు అక్కడుంది. రౌతు అన్న మాటకు కూడా మంచి చరిత్ర ఉంది. రాజపుత్ర శబ్దం ప్రాకృతాల మీదుగా రాహుత్తుగా, రౌతుగా మారింది. గుర్రాల పర్యవేక్షకుణ్ని పూర్వం సాహిణి అనేవారు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో గంగయ సాహిణి వంటి వాళ్ల పేర్లలో అది బిరుదుగా నిలిచింది. ఇంత మంచి మాట ఉండగా మొన్న ఒక పెళ్లి వీడియోలో వ్యాఖ్యాత గుర్రాన్ని పట్టుకున్న మనిషిని "మావటివాడు" అన్నాడు. ఏనుగు ఎక్కడుందా అని వెతుక్కున్నాను.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అన్న సామెత కూడా ఉంది కదా. దాని మీద మీ అభిప్రాయం?

మూల రచయిత

అమ్మా, నాయకుల గురించి వాడినప్పుడు నాకు పేచీ లేదు. మీరన్నట్టు తిరిగి గుర్రం మీదికి ఎక్కించడమే నా బాధ. మూడు కాళ్ల సామెతైతే మరీ. మూడు కాళ్ల మీద నడుస్తున్న గుర్రం అంటే కుంటుతున్న గుర్రం. డెక్క కింద రాయి ఇరుక్కుందేమో, లాడం మేకు పక్కకు దిగిందేమో, మన బాడవ నేలల్లో తడికి డెక్క మధ్యభాగం కుళ్లి వాసన వేస్తోందేమో చూడాలి. సామెతేమో రౌతును గట్టిగా ఉండమంటుంది. ఒక పెళ్లి బృందం దగ్గర నా కళ్లతో చూశాను. ఎడమ ముందు కాలు మోపలేని గుర్రం మీద పెళ్లికొడుకును ఎక్కించి, సంకోచిస్తున్న కుర్రవాణ్ని ఈ సామెతతోనే నోరు మూయించారు.

మావటివాడికి జోడీ ఒకటి ఉంది, "గుర్రానికి ముకుతాడు". ఎద్దుల దేశం కాబట్టి అలవాటుగా వస్తుంది, అంతగా తప్పుపట్టను. కళ్లెం, పగ్గం కలిపేసేవాళ్లతో మాత్రం గొడవే. కళ్లెం నోట్లో ఉండేది, పగ్గం చేతిలో ఉండేది. పత్రికల వాళ్లు "ధరలకు కళ్లెం", "పార్టీ పగ్గాలు" అంటూ తేడా చక్కగా పాటిస్తారు. రోజూ గుర్రం ఎక్కేవాళ్లే "కళ్లెం వదులు, కళ్లెం వదులు" అని అరుస్తారు.

అమలాపురం నుంచి ఒక సభ్యుడు

మా ఇంటి చుట్టుపక్కల వాళ్ల మాట ఒక్కటే: "గేదె తినడం లేదా?" తవుడు ఎక్కువ పెట్టకండి అంటే గేదె తినడం లేదా, బూజు పట్టిన గడ్డి వద్దంటే గేదె తినడం లేదా. గుర్రం నెమరు వేయదని, వాంతి చేసుకోలేదని, పడనిది లోపలికి వెళితే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుందని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అదే పనిగా పెడితే ఎముకల్లోంచి సున్నం లాగేసుకుని గుర్రం మొహం ఉబ్బిపోతుంది. డాక్టరు గారు ఈ సంగతి చెబుతుండగా మా మావయ్య ఆయన్ని కూడా అడిగారు, గేదె తినడం లేదా అని.

పైగా ఉలవలు నానబెట్టి పెడుతుంటే, "మా ఉలవచారు దానికి పోస్తున్నావా" అని ఇంకొకరు. దీనికి నేనూ నవ్వుతాను, అది వేరే సంగతి.

కాకినాడ నుంచి ఒక సభ్యురాలు

"చూడండి, నవ్వుతోంది!" ఇది నన్ను చంపుతుంది. పై పెదవి పైకి మడిచి పళ్లు బయటపెట్టడం నవ్వు కాదు. ఏదో కొత్త వాసన తగిలితే దాన్ని ముక్కు లోపల ఉండే ప్రత్యేకమైన అవయవం దాకా పంపి పరీక్షించుకునే తీరు అది. ఫోనులో వీడియో తీసి, కింద నవ్వు బొమ్మలు పెట్టి పంచుకుంటారు. ఆ వాసన చాలాసార్లు మూత్రానిదని చెప్తే మాత్రం ముఖం మాడ్చుకుంటారు.

దీనికి తోడు "గుర్రం నిలబడే నిద్రపోతుంది, పడుకోవాల్సిన అవసరం లేదు". సగమే నిజం. కండరాలకు శ్రమ లేకుండా కాళ్లను బిగించి నిలబెట్టే స్నాయువుల ఏర్పాటు దానికి ఉంది కాబట్టి నిలబడి కునుకు తీస్తుంది. కలలు వచ్చే గాఢ నిద్ర మాత్రం పడుకుంటేనే. ఈ సగం నిజాన్ని పట్టుకుని మూరెడు తాడుతో గోడకు కట్టేసేవాళ్లను చూశాను. గుర్రం పడుకుంటే "చచ్చిపోతుందేమో" అని తట్టి లేపేవాళ్లు మరికొందరు.

భీమవరం సభ్యుడు మళ్లీ

అమ్మేవాళ్ల మాటలు ఎవరూ ఎత్తలేదేం? "చిన్నపిల్ల కూడా ఎక్కవచ్చు", "ఇంట్లో బిడ్డలా పెంచాం", "సుడి చూశారా, దేవమణి!"

మూల రచయిత

సుడుల గురించి వేరే చర్చ పెట్టాల్సిందే. మెడ కింది సుడిని దేవమణి అనడం సంస్కృత నిఘంటువుల్లోనే ఉంది, మాట పాతదే. కానీ అది చూపించేవాడు నోరు తెరిచి పళ్లు మాత్రం చూపించడు. రెండున్నర ఏళ్ల నుంచి పాలపళ్లు రాలుతూ, ఐదేళ్లకు ముందు పళ్లన్నీ మారిపోతాయి. అంతవరకు వయసు బాగానే చెప్పవచ్చు. ఆ తర్వాత చెప్పేదంతా అరుగుదలను బట్టి అంచనా. అమ్మేవాడి నోట్లో మాత్రం అన్ని గుర్రాలూ ఆరేళ్లవే.

"చిన్నపిల్ల కూడా ఎక్కవచ్చు" అన్నప్పుడు నేను వేసే ప్రశ్న ఒకటే: "మీరు ఒకసారి ఎక్కి చూపిస్తారా?" ఇప్పటివరకు వచ్చిన జవాబులు ఇవీ. నడుం నొప్పి. పంచె కట్టుకున్నాను. ఇప్పుడే దాణా తిన్నది. ఇవాళ మంగళవారం.