‘స్పైక్ ట్రైన్’ను తెలుగులో ఏమనాలి?

ఓరుగల్లు పంతులు:
హనుమకొండలో డిగ్రీ పిల్లలకు నాడీకణాల గణాంకాల మీద తెలుగులో ఒక పాఠం రాస్తూ ‘స్పైక్ ట్రైన్’ దగ్గర ఆగిపోయాను. కంప్యూటర్‌ను అడిగితే ‘ముళ్ల రైలు’ అంది. కాజీపేట జంక్షన్ మీదుగా అలాంటి రైలు వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు!

నాడీకణంలో విద్యుత్తు ఒక్కసారిగా ఎగసి, సుమారు మిల్లీసెకనులో పడిపోతుంది. గీస్తే ముల్లులా కనిపిస్తుంది, అదే ‘స్పైక్’. ఎగసిన ఎత్తు ప్రతిసారీ దాదాపు ఒకటే కనుక ఎత్తుతో పెద్దగా పని లేదు. ఎప్పుడెప్పుడు ఎగసిందో ఆ క్షణాల వరుసే ‘ట్రైన్’. ‘పోటు’ అంటే ఎలా ఉంటుంది?

కరీంనగర్ పాఠకురాలు:
పోటు వద్దండి. తలపోటు, గుండెపోటు విన్న చెవులకు ‘మెదడులో పోటు’ అంటే ఆసుపత్రే గుర్తొస్తుంది. ‘దరువు’ అనండి, డప్పు వినిపిస్తుంది.

ఓరుగల్లు పంతులు:
దరువు వినసొంపుగా ఉంది కానీ దానికి లెక్క తప్పని నడక ఉంటుంది. ఒకే బొమ్మను పదిసార్లు చూపించినా నాడీకణం పదిసార్లూ ఒకేలా స్పందించదు. గణాంకాలతో పని పడేదే అక్కడ.

జనగామ పెద్దాయన:
తొలి ఏకాదశికి పేలాల పిండి చేసే ఇంట్లో పుట్టి ఇంత వెతుకులాటా? మంగలంలో జొన్నలు వేయండి. ఏ గింజ ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, వేడెక్కే కొద్దీ జోరు పెరుగుతుందని మాత్రం చెప్పగలం. ‘నాడీకణం పేలింది’ అనండి.

ఓరుగల్లు పంతులు:
భలే పట్టుకున్నారు సార్! ఎప్పుడు జరుగుతాయో తెలియనివి ఇంత సేపట్లో ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే పాయిజాన్ విభాజనం ఇంటర్ లెక్కల్లో ఉంది కదా, సరిగ్గా ఇలాంటిదే. అందులో సగటు ఎంతో విస్తృతీ (సగటు చుట్టూ ఎంత చెదిరి ఉందో చెప్పే కొలత) అంతే. నాడీకణాల లెక్క మొదలయ్యేది సాధారణంగా దానితోనే. ఒక్క తేడా: జొన్నగింజ ఒక్కసారే పేలుతుంది, నాడీకణం మళ్లీ మళ్లీ పేలుతుంది. అయితే ఒకసారి పేలాక ఒకటి రెండు మిల్లీసెకన్లు ఊపిరి తీసుకోవలసిందే. అందుకే మరీ దగ్గరి వ్యవధుల్లో పాయిజాన్ పొసగదు, వెనుక జరిగినదాన్ని కూడా నమూనాలో చేర్చాలి.

కరీంనగర్ పాఠకురాలు:
క్రియ కుదిరింది. మరి నామవాచకం? ‘పేలుడు’ అంటే బాంబు, ‘పేలు’ అంటే తలలోవి!

జనగామ పెద్దాయన:
మెరుపు, అరుపు ఉన్నట్టే ‘పేలుపు’ అమ్మా.

ఓరుగల్లు పంతులు:
‘పేలుపుల వరుస’. అలాగే రాస్తాను. ఇక ‘నాయిస్’ మిగిలింది, అంటే ఒకే బొమ్మకు స్పందన ప్రతిసారీ మారిపోయే ఆ తేడా. ‘రొద’ అంటే ఎవరికైనా అభ్యంతరమా?