పవర్ పోజ్: ప్లేస్‌మెంట్ పిల్లలకు ఇంకా నేర్పడం మోసం కాదా?

లెక్కలమాస్టారు: మా అమ్మాయి కాలేజీలో ఇప్పటికీ ‘నడుం మీద చేతులు పెట్టి రెండు నిమిషాలు నిలబడండి, హార్మోన్లు మారతాయి, హార్వర్డ్ రుజువు చేసింది’ అంటున్నారట. 2010 నాటి ఆ ప్రయోగంలో ఉన్నది 42 మంది. అది రాసినవాళ్లలో ఒకరు, అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న ఎమీ కడీ. ఆవిడ 2012లో ‘టెడ్’ వేదిక మీద చేసిన ప్రసంగంతో ఊరూరా పాకింది. 2015లో రానెహిల్ బృందం 200 మందితో మళ్లీ చేస్తే దూకుడుకి ముడిపెట్టే హార్మోన్ టెస్టోస్టిరాన్ కదల్లేదు, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కదల్లేదు. అసలు పేపరులో మొదటి పేరున్న డానా కార్నీయే 2016లో ఆ ప్రభావం నిజమని తాను నమ్మనని రాశారు. ఇంకా ఎందుకు ఈ తంతు?

వాసవి_ట్రైనర్: ఆ ట్రైనింగ్ ఇచ్చేవాళ్లలో నేనూ ఉన్నాను. 42 మంది చాలరా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెప్పదా?

లెక్కలమాస్టారు: ఒకే కుండ, ఒకే ఎసరు కాబట్టి చెబుతుంది. మనుషులు అలా కాదమ్మా. ఒకే మనిషికి టెస్టోస్టిరాన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. 42ని రెండు గుంపులు చేస్తే ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా సగటు మారిపోతుంది. పైగా జనాన్ని విడతలుగా తెచ్చి, మధ్యమధ్యలో ఫలితం చూసుకున్నామని కార్నీయే ఒప్పుకున్నారు. బొమ్మా బొరుసా ఆడుతూ, బొమ్మలు ఎక్కువ పడ్డ క్షణాన ఆట ఆపేస్తే? ఇక పి-విలువ 0.05 అన్న హద్దు, అంటే ఫలితం గాలివాటంగా వచ్చింది కాదనడానికి పెట్టుకున్న గీత, పేరుకే.

పెసరట్టు: గంజి వార్చే అన్నమా, అత్తెసరా? అత్తెసరైతే అడుగు మాడినా పైన పలుకే. ఒక్క మెతుకు చాలదు.

వాసవి_ట్రైనర్: మీ 2015 ప్రయోగంలోనే, అలా నిలబడ్డవాళ్లు తమకు బలం వచ్చినట్టు అనిపించిందన్నారు. ఆ ముక్క మింగేశారేం?

లెక్కలమాస్టారు: మింగలేదు. అనిపించడం వేరు, హార్మోన్ వేరు. క్లాసులో మీరు చెబుతున్నది హార్మోన్.

శ్రీను_నల్గొండ: 2019లో ఓ కోచింగ్‌కి 9 వేలు కట్టాను. ప్రతి ఇంటర్వ్యూకి ముందు బాత్రూంలో అలాగే నిలబడ్డాను. ఓసారి హెచ్‌ఆర్ ఆయనే తలుపు తోసుకుని వచ్చాడు! నాలుగు కంపెనీలు పోయాయి. మా సార్‌ని అడిగితే ‘నువ్వు మనసు పెట్టి నిలబడలేదు’ అన్నాడు.

వాసవి_ట్రైనర్: మనసు పెట్టకపోతే ఏదైనా అంతే కదండీ.

శ్రీను_నల్గొండ: మీరూ అదే మాట! నాది ఇంగ్లీషు సమస్య మేడం. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఆ 9 వేలకి రోజూ గంట ఇంగ్లీషులో మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది. ఉద్యోగం రాకపోతే తప్పు నా నడుందా?

వాసవి_ట్రైనర్: మీ సారు చేసింది నా నెత్తిన రుద్దకండి. నా పిల్లలు గుమ్మం దగ్గరే వణికిపోతారు. వాళ్లని లోపలికి పంపడానికి నాకు ఏదో ఒకటి కావాలి. ‘ధైర్యంగా ఉండమ్మా’ అంటే ఎవరూ వినరు. హార్వర్డ్ అంటే వింటారు.

లెక్కలమాస్టారు: అంటే హార్మోన్లు మారవని మీకు తెలుసన్నమాట.

వాసవి_ట్రైనర్: 2017 నుంచీ తెలుసు. అయితే ఏంటి?

శ్రీను_నల్గొండ: నేను డబ్బు కట్టింది 2019లో మేడం.