అప్‌డేట్: పారిస్ నుంచి ఏప్రిల్‌లో ఒక్కరోజు ట్రిప్పులు, ఖాయమైనవి ఇవీ

ఏప్రిల్ మధ్యలో పారిస్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే చోట్లు చెప్పమని అడిగాను కదా. మీ సలహాలన్నీ చూశాక తేలిందిది.

మొదటిది జివెర్నీ. అక్కడి చిత్రకారుడు మోనె తోట ఏప్రిల్ 1 నుంచి తెరిచే ఉంటుంది. సెంట్ లజార్ స్టేషన్‌లో రైలెక్కితే వెర్నాన్‌కి సుమారు 50 నిమిషాలు. అక్కణ్ణుంచి తోట 5 కిలోమీటర్లు. షటిల్ బస్సుంది, అద్దె సైకిలైనా సరే. వెర్నాన్ నార్మండీలోకి వస్తుంది కాబట్టి పారిస్ ప్రాంతపు రైళ్లు, బస్సుల పాస్ నావిగో చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. ఇంకోమాట: ఏప్రిల్‌లో కనిపించేది ట్యులిప్‌లే. తోటలోని వంతెన మీద విస్టీరియా తీగ పూలు మేలో, కలువలు ఎండాకాలంలో. ఫొటోల్లోని కలువల కోసమే వెళ్తే ఉసూరుమంటారు.

ఫాంటెన్‌బ్లో కోటకి మంగళవారం సెలవు. అందుకే ఫాంటెన్‌బ్లోని గురువారానికి పెట్టాం; పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి రైలు, దిగాక బస్సు. దీనికి నావిగో చాలు.

పారిస్ పక్కనున్న సో (Sceaux) పార్కు చెర్రీ పూలకి తేదీ పెట్టలేదు. గులాబీ రంగు చెట్లు మామూలుగా ఏప్రిల్ మధ్యలో పూస్తాయి గానీ, చలిని బట్టి ముందూవెనకా అవుతుంది. ఆర్‌ఈఆర్ బీ లైన్ లోకల్ రైల్లో దగ్గరే, పార్కులోకి టికెట్ లేదు. పూశాయని తెలిసిన రోజే బయల్దేరొచ్చు.

నార్మండీ తీరంలోని ద్వీపం మోంట్ సెంట్ మిషెల్‌ని తీసేశాం. రానూపోనూ ప్రయాణానికే పగలంతా పోతుంది.