వెబ్ యాప్ ఫైళ్లకు ఇంటెగ్రిటీ హాష్ పెడితే సరిపోతదా?

ఓరుగల్లు_కోడ్: ఏనుమాముల మార్కెట్‌లో అడ్తిదారులు ఫోన్‌లో బిల్లులు రాసుకునే వెబ్ యాప్ అనుకోండి. ఫోన్‌కు చేరిన జావాస్క్రిప్ట్ మనం పంపిందే అని తేల్చడానికి స్క్రిప్ట్ ట్యాగ్‌లో హాష్ (ఫైల్‌లోంచి లెక్కకట్టి తీసే వేలిముద్ర లాంటి గుర్తు) చాలా, ఇంకేమన్నా కావాల్నా?

కాజీపేట_సర్వర్: చాలు, సరిగ్గ పెడితే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ టూల్‌తో ఎస్‌హెచ్‌ఏ384 రకం హాష్ తీయండి, వచ్చిన 48 బైట్లను బేస్64 (బైట్లను అక్షరాలుగ రాసే పద్ధతి) చేయండి, 64 అక్షరాలొస్తయి. 128 వచ్చినయంటే హెక్స్ (బైట్‌కు రెండక్షరాల రాత) అక్షరాలనే బేస్64 చేసిన్రన్నట్టు. ఫైల్ సీడీఎన్ (ఫైళ్లు అందించే బయటి సర్వర్ల నెట్‌వర్క్) నుంచి వస్తే ట్యాగ్‌లో క్రాస్‌ఆరిజిన్ అని రాసుడు తప్పనిసరి. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులు దాచే టూల్) లైన్ చివర్లు మార్చినా హాష్ కలవదు, స్క్రిప్ట్ ఆగిపోతది. జీజిప్‌తో ఫైల్ కుదించినా భయం లేదు, విప్పినంకనే లెక్క కడ్తది. 2024 జూన్‌లో చెడ్డ కోడ్ కలిసిన పాలీఫిల్ డాట్ ఐఓ (పాత బ్రౌజర్ల లోటు తీర్చేది) స్క్రిప్ట్ వాడిన సైట్లు ఈ పని చేసుంటే బతికేటివి.

హన్మకొండ_దేవ్: అన్నా, ఆ ఉదాహరణ కుదరదు. పాలీఫిల్ ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో తీరు ఫైల్ ఇచ్చేది, దానికి ఒక్క హాష్ ఎట్ల కడ్తరు? ఫైల్‌ను మన సర్వర్ మీదికి తెచ్చుకునుడే దారి. ఇంకో ప్రమాదం: హాష్ ముందు ఎండీ5 (పాత హాష్ పద్ధతి) అని రాసినా, అల్గారిథం పేరు తప్పు పడినా బ్రౌజర్ ఆపదు, చెక్ చేయకుండనే నడిపిస్తది. అందుకే హాష్‌లో ఒక అక్షరం మార్చి, స్క్రిప్ట్ ఆగుతుందో లేదో ఒకసారి చూడాలె.

అసలు చిక్కు వేరే. హాష్ రాసున్న హెచ్‌టీఎంఎల్ పేజీని ఎవరు చెక్ చేస్తరు? సర్వర్‌లో జొరబడినోడు స్క్రిప్ట్‌తోపాటు హాష్ కూడా మారుస్తడు. తాళం, చెవి ఒక్క దగ్గరనే పెట్టినట్టు.

కాజీపేట_సర్వర్: సర్వీస్ వర్కర్‌తో (బ్రౌజర్‌లో వెనక నడిచే స్క్రిప్ట్) మొదటిసారి వచ్చిన ఫైళ్లను పట్టి ఉంచొచ్చు కదా తమ్మీ?

హన్మకొండ_దేవ్: ఆ వర్కర్ ఫైల్ కూడా అదే సర్వర్ నుంచే వస్తది. పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ దాని కొత్త వెర్షన్ ఉందా అని అడుగుతది. పాతదాన్ని గట్టిగ పట్టుకొని ఉండేటట్టు చేయలేం. హాష్ వేరే చేతిలో ఉండాలె. 2022 మార్చిలో వాట్సాప్ వెబ్‌కు వచ్చిన కోడ్ వెరిఫై ఎక్స్‌టెన్షన్ చేసేది అదే: హాష్‌లు క్లౌడ్‌ఫ్లేర్ అనే వేరే కంపెనీ దగ్గర ఉంటయి, బ్రౌజర్‌కు వచ్చిన కోడ్‌ను వాటితో పోలుస్తది.

ఓరుగల్లు_కోడ్: ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పడవు కదా. మార్కెట్‌లో అందరివీ ఫోన్లే.

హన్మకొండ_దేవ్: అయితే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) చేయండి. సంతకం కీ వేరైతే ఆండ్రాయిడ్ అప్‌డేట్‌ను ఒప్పుకోదు. కానీ హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ ఏపీకే లోపలనే ఉండాలె. వెబ్‌వ్యూలో (యాప్ లోపలి బ్రౌజర్) సర్వర్ లింక్ తెరిచి ఊకుంటే మళ్ల మొదటికే వస్తది.

కాజీపేట_సర్వర్: పేజీ సంగతి ఒప్పుకుంట. సీడీఎన్ లైబ్రరీలకు మాత్రం హాష్ తీసేయకండి.